ఉంటుందిలే

ఇర్వింగ్,
జనవరి 12

అక్కకి,

ఉత్తరమేమిటని కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామంటే మా ఇంట్లో రహస్యం అనేది లేకుండా పోయింది. పెళ్ళైన కొత్తలో మేం మీ ఇంట్లో ఉన్న రెండేళ్ళూ పట్టుబట్టి యుకారికి తెలుగు నేర్పావు కదా, నీ పుణ్యమా అని ఇప్పుడు నేను గరాజ్‌లో నిలబడి గొణిగినా ఆవిడకి అర్థమైపోతుంది. వాట్సాప్ పెడితే కృతి ఐప్యాడ్‌లో తేలుతుంది. తెలుగు చదవడం మాత్రం తల్లికీ రాదు, కూతురికీ రాదు. అందుకని కాగితం మీద పడ్డాను.

మంచి వార్తే. యుకారి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పాసైంది. ఆఫీసర్ అడిగిన ప్రశ్నలకి, అప్పట్లో నేను చెప్పినదానికంటే బాగా చెప్పింది. ఇక ప్రమాణం ఒక్కటే మిగిలింది, ఏప్రిల్‌లో ఉండొచ్చన్నారు. నాకెంత తేలిగ్గా ఉందో చెప్పలేను. పోయిన వేసవిలో కనజావాలో యుకారి పుట్టింటి నుంచి తిరిగొచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో ఏం జరిగిందో నీకు తెలుసు. నన్నూ కృతినీ బయటికి పంపేసి, గ్రీన్ కార్డు మనిషని యుకారిని పక్క గదిలోకి పిలిచారు. ఎవరి పేరుతోనో తన పేరు కలిసిందట. గంట తర్వాత సారీ చెప్పి పంపేశారు కాని, ఆ గంటసేపూ సూట్‌కేసుల పక్కన కూర్చుని ఆ తలుపు వైపు చూడటం నేను మర్చిపోలేదు. మళ్ళీ అలా కూర్చోవడం నావల్ల కాదు.

ఇంతకీ అసలు సంగతి. ఇంటర్వ్యూ నుంచి వచ్చినప్పటి నుంచీ యుకారి "వదినగారు చెప్పిన కార్డు" ఎప్పుడు అప్లై చెయ్యాలని అడుగుతోంది. మనం ఇండియా పాస్‌పోర్ట్ ఇచ్చేశాక ఓసీఐ కార్డు తీసుకుని వీసా గొడవ లేకుండా వెళ్ళొస్తున్నాం కదా, అలాంటిదే జపాన్‌కీ ఉందని దసరాకి మీ ఇంటికొచ్చినప్పుడు నువ్వు చెప్పావట. దాని పేరేమిటి? ఏ వెబ్‌సైట్? వెంటనే రాయి.

బావగారికి నమస్కారాలు చెప్పు.

దివాకర్


ఫ్రీమాంట్,
జనవరి 27

ఒరేయ్ దివాకరా,

నీ ఉత్తరం చూసి ముందు ఎవరు పోయారోనని గుండె జారిపోయింది. తర్వాత ఆ చేతిరాత చూసి ఇంకోసారి జారింది. నా శనివారం బడిలో ఏడేళ్ళ పిల్లలు నీకంటే గుండ్రంగా రాస్తారు.

ఏ కార్డురా నాయనా?

ఆ రోజేం జరిగిందో చెబుతాను విను. దసరా పేరంటానికి ఇల్లంతా జనం. నేను పొయ్యి దగ్గర గారెలు వేయిస్తున్నాను. నా మరదలు పక్కన నిలబడి పిండి అందిస్తూ, ఎవరికీ వినబడనంత నెమ్మదిగా, "నేను సిటిజన్ అయితే నా జపాన్ ఏమవుతుంది వదినా?" అని అడిగింది. నేను మూకుట్లోంచి తల ఎత్తకుండానే, "మాకు ఓసీఐ లేదూ? మీకూ అలాంటిదేదో ఉంటుందిలే" అన్నాను. అంతే. ఇంకొక్క ముక్క అనలేదు.

ఆ "లే" ఏమైందిరా? తగ్గుతుందిలే, వస్తాడులే, అవుతుందిలే అని రోజూ అంటూనే ఉంటాం. ఎదుటి మనిషికి కాస్త ధైర్యం చెప్పడమే కాని, మనకేదో తెలిసి అంటామా? తెలిస్తే "ఉంది" అనే అంటాం. యుకారికి విభక్తులు నేర్పాను, బంధుత్వాలు నేర్పాను, నాకంటే బాగా ళ పలుకుతుంది. ఈ పాడు "లే" గురించి చెప్పాలని మాత్రం తోచలేదు. ఆవిడ "ఉంటుంది" పట్టుకుని వెళ్ళిపోయింది.

తప్పు నా మీద వేసుకుని ఊరుకోకుండా వాకబు చేశాను. మా వీధిలో నమ్రత ఉంది కదా, వాళ్ళ ఆఫీసులో ఒక జపాన్ ఆయన పని చేస్తాడంటే అడిగించాను. రెండు పాస్‌పోర్టులూ సొరుగులో పెట్టుకుని నోరు మెదపకుండా ఉండేవాళ్ళు బోలెడుమంది అన్నాడట. మర్నాడు మళ్ళీ వచ్చి, ఆ సంగతి వేరు, అది ఇక్కడ పుట్టిన పిల్లల సంగతి అన్నాడట. ఇంకో రోజు, తనకసలు ఏమీ తెలియదన్నాడట. నాకు తల తిరిగిపోయింది. మీ బావగారైతే పేపర్ మడిచి, ఏ దేశమైనా సొంత మనిషిని ఎందుకు వదులుకుంటుందని తేల్చేశారు. ఆయనకి అన్నీ తేలికే.

నువ్వు కనుక్కో. "నేను చూసుకుంటాలే" అని ఆ అప్లికేషన్ నింపిన పెద్దమనిషివి నువ్వే కదా. నీ "లే" సంగతేమిటో కూడా ఒకసారి ఆలోచించు.

రాధారాణి


ఇర్వింగ్,
ఫిబ్రవరి 9

అక్కా,

నువ్వు కంగారు పెట్టేశావు కాని, దొరికింది. శనివారమంతా ఇంటర్నెట్ ముందు కూర్చున్నాను. జపాన్ వాళ్ళ రూలు ఇది: పద్ధెనిమిదేళ్ళు దాటాక రెండో పౌరసత్వం వస్తే, రెండేళ్ళలోగా ఏదో ఒకటి ఎంచుకోవాలి. రెండేళ్ళు టైముంది. ఈలోగా ఏ కార్డో, ఏ వీసానో చూడొచ్చు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ ఊపులో భోజనాల దగ్గర ఇదంతా చెబుతుంటే కృతి మొహం అదోలా పెట్టింది. "నాన్నా, ఎంచుకోవడం అంటే అది నా గురించి కదా? నాకు ఇరవై వచ్చేలోపు" అంది. ఇక్కడ పుట్టింది కాబట్టి అమెరికన్, యుకారి కూతురు కాబట్టి జపనీస్. పుట్టిన మూడు నెలల్లోపే తల్లి ఆ కాగితాలు పంపి పిల్లకి జపాన్ పౌరసత్వం నిలబెట్టిందట. రెండూ ఉన్నాయని నాకు తెలుసు కాని, ఒక గడువు ఉందని, అది ఇంకో రెండేళ్ళలోపే అని తెలియదు. నాకు చాలాసార్లు చెప్పానని యుకారి అంది. చెప్పే ఉంటుంది. చూద్దాంలే అని నేను అనే ఉంటాను.

ఇప్పుడు మా ఇంట్లో నాకు ఒక దేశం పాస్‌పోర్టు, ఇంకో దేశం కార్డు. కూతురికి రెండు పాస్‌పోర్టులు. భార్యకి ఒక పాస్‌పోర్టు, రాబోయేది ఇంకొకటి. ఎవరికి ఎంత గడువో, ఎవరిది ఎవరు ఎంచుకోవాలో రాసుకుందామని కూర్చుని, రాసిందంతా నాకే అర్థంకాక అవతల పడేశాను.

ఇంకొక సంగతి. యుకారి తన తమ్ముడికి ఫోన్ చేసి, భయం లేదు, ఇక్కడొక కార్డు ఉంది, మా వదినగారు కనుక్కున్నారని చెప్పింది. వాడు, "నాకైతే తెలియదక్కా, అక్కడివాళ్ళకి తెలిసే ఉంటుంది" అన్నాడట. అక్కడివాళ్ళంటే మనమే.

దివాకర్


ఫ్రీమాంట్,
ఫిబ్రవరి 21

దివాకరా,

మీ తమ్ముళ్ళూ బావమరదులూ అందరూ కలిసి నన్ను జపాన్ వ్యవహారాల నిపుణురాలిని చేసేశారు. నిద్ర పట్టడం లేదు.

నిన్న ఇక్కడి జపాన్ కొట్టుకి వెళ్ళి, ముల్లంగి కొనే నెపంతో కౌంటర్ దగ్గర ఉన్న ఆవిణ్ణి అడిగాను. మీరు అమెరికా పౌరులయ్యాక మీకేదైనా కార్డు ఇస్తారా అని. ఇస్తామని నా చేతిలో మెంబర్‌షిప్ కార్డు పెట్టింది. ముల్లంగి మీద పది శాతం తగ్గింపట.

నువ్వు రాసిన రెండేళ్ళ ముక్క నాకు నమ్మబుద్ధి కావడం లేదు. "వస్తే" అని రాశావు. యుకారికి ఇది ఊరికే వస్తోందా, అప్లికేషన్ పెట్టి తీసుకుంటోందా? రెండూ ఒకటేనా? బడిలో పిల్లలకి చెప్పీ చెప్పీ నాకు మాట దగ్గర ఆగడం అలవాటైపోయింది. ఇంటర్నెట్ కట్టిపెట్టి, వాళ్ళ కాన్సులేట్‌కి ఫోన్ చెయ్యి. ఈ ఒక్క పనీ చేసి నాకు రాయి.

అక్క


ఇర్వింగ్,
మార్చి 10

అక్కా,

ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడింది ఆవిడ. నేను రెండేళ్ళ సంగతి ఎత్తగానే, మీ భార్యగారు అమెరికా పౌరసత్వం తనంతట తాను కోరి తీసుకుంటున్నారా అని అడిగింది. అవునన్నాను. అయితే ఆ రెండేళ్ళు ఆవిడకి కాదంది. అడగకుండా, పెళ్ళివల్లో మరోవిధంగానో వచ్చి పడినవాళ్ళకట అది. కోరి తీసుకుంటే ప్రమాణం చేసిన క్షణాన జపాన్ పౌరసత్వం పోతుంది. ఎవరూ ఏ ఉత్తర్వూ ఇవ్వక్కర్లేదు, దానంతట అదే పోతుందట. కొసెకి అని కుటుంబానికి ఒక నమోదు ఉంటుంది వాళ్ళకి, ఆ తర్వాత అందులోంచి పేరు కూడా తీసేస్తారట.

ఓసీఐ లాంటి కార్డేమైనా ఇస్తారా అని అడిగాను. అదేమిటో నేనే వివరించాల్సి వచ్చింది. అంతా విని, అలాంటిది మాకు లేదండీ అంది. నన్ను చూసి జాలి పడినట్టనిపించింది.

నేను యుకారికి ఇంకా చెప్పలేదు.

ప్రమాణం ఏప్రిల్ తొమ్మిదని కాగితం వచ్చింది. ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. రోజూ పాలు తీసేటప్పుడల్లా అది కనబడుతుంది. చెబుదామని నోరు తెరుస్తాను, నీళ్ళు నములుతాను, కృతి కాలేజీ గురించి ఏదో అడిగి ఊరుకుంటాను. అక్కా, నాకు భయం. ఆ గది తలుపు మళ్ళీ మూసుకుంటే? ఒకవేళ ఈసారి గంటలో తెరుచుకోకపోతే? ప్రమాణం ముందు చెబితే ఇక చెయ్యదు, నాకు తెలుసు. అయిపోయాక చెబితే కోప్పడుతుంది, ఏడుస్తుంది, కొన్నాళ్ళు మాట్లాడదు. కాని ఇక్కడే ఉంటుంది, ఎవరూ కదపలేరు. అమెరికా పాస్‌పోర్ట్ మీద కనజావాకి మూడేసి నెలలు వెళ్ళి ఉండొచ్చు. అది చాలదా?

ఒక్క నెల నువ్వూ ఏమీ అనకు. తర్వాత నేను చూసుకుంటాను.

దివాకర్


ఫ్రీమాంట్,
మార్చి 19

దివాకరా,

ఆ ఆఖరి వాక్యం చూసి కాగితం చింపేద్దామనుకున్నాను. ఏం చూసుకుంటావురా నువ్వు?

ఆదివారం యుకారి ఫోన్ చేసింది. ప్రమాణానికి ఏ చీర కట్టుకోమంటారని అడిగింది. నేను పెట్టిన ఆకుపచ్చ గద్వాల్ చీర బాగుంటుందా, మరీ పెళ్ళిలా ఉంటుందా అని. కుచ్చిళ్ళు ఇప్పుడు తనే పెట్టుకోగలదట. మీ బావగారు పిలుస్తున్నారని అబద్ధమాడి పెట్టేశాను. ఆయన పక్కనే కూర్చుని పేపర్ చదువుకుంటున్నారు. ఏమైందని అడిగితే ఏడ్చేశాను. అంతా విని ఆయన కూడా ఈసారి ఏమీ తేల్చలేదు.

నా నోటిమాట నమ్మి ఒక మనిషి తన దేశం పోగొట్టుకోబోతోంది. అదీ నేను కట్టబెట్టిన చీర కట్టుకుని, నవ్వుతూ. నేనన్నది తెలియక అన్నాను. నువ్వు తెలిసి ఊరుకుంటున్నావు. రెండూ ఒకటి కావు.

నీ భయం నాకు అర్థం కాదనుకోకు. ఆ గదిలో యుకారి ఉన్న గంటసేపూ ఇక్కడ నేను ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నాకూ భయమే. ఆవిడ అంతా విని, ఆలోచించుకుని, సరే అమెరికన్నే అవుతానంటే నేనే వచ్చి పక్కన నిలబడతాను. కాని ఆవిడ ఎంచుకోవాలి. నీ భయం తీరడం కోసం ఆవిడకి తెలియకుండా ఆవిణ్ణి పరాయిదాన్ని చేస్తావా, పుట్టిన చోటికి?

చెప్పు. ప్రమాణం రోజు దాకా చూస్తాను. ఆ పొద్దున దాకా నువ్వు చెప్పకపోతే నేనే ఫోన్ చేసి చెబుతాను. తర్వాత నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే.

రాధారాణి


ఇర్వింగ్,
ఏప్రిల్ 20

అక్కా,

తొమ్మిదో తారీఖు నుంచి నీ ఫోన్ ఎత్తనందుకు కోపంగా ఉంటావు. మాట్లాడితే సరిగ్గా చెప్పలేనని ఎత్తలేదు.

ఆ పొద్దున దాకా చెప్పలేదు, నువ్వు అనుకున్నట్టే. యుకారి ఆకుపచ్చ చీరే కట్టుకుంది. కృతి కాలేజీ పరీక్ష వల్ల రాలేకపోయింది. హైవే ఎక్కాక కార్‌లో నీ ఫోన్ మోగింది. కార్ స్క్రీన్ మీద నీ పేరు కనిపించగానే యుకారి సంబరంగా, వదినగారు విష్ చెయ్యడానికి చేస్తున్నారు అంది. ఎత్తబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టి కట్ చేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను. అప్పుడావిడ నా వైపు చూసింది. ఇక కుదరలేదు. పక్క ఎగ్జిట్‌లో దిగి, ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపి, అంతా చెప్పాను. కార్డు లేదని, రెండేళ్ళు లేవని, ప్రమాణం చేస్తే ఆ నిమిషానే పోతుందని.

అరుస్తుందనుకున్నాను. ఒళ్ళో ఉన్న కాగితాల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

"నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు ఇది" అంది. "వదినగారు ఉంటుంది అన్నారు. నువ్వు చూసుకుంటా అన్నావు. నేను విన్నది పాతదేమో, మారిందేమో అనుకున్నాను. మారితే బాగుండు అనుకున్నాను."

మన మాట మీద ఉన్న నమ్మకంతో తనకి తెలిసినదాన్నే పక్కన పెట్టేసింది అక్కా. తర్వాత, నీకెప్పుడు తెలిసిందని అడిగింది. నెలైందన్నాను. అప్పుడు మొహం తిప్పేసుకుంది. రూలు విన్నప్పుడు లేని ఏడుపు ఆ నెల మాటకి వచ్చింది. చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఇంటికి పోనివ్వు అంది.

ప్రమాణానికి వెళ్ళలేదు. అప్లికేషన్ వెనక్కి తీసుకుంటున్నట్టు తనే రాసి పంపింది. నన్ను చూసిపెట్టమని కూడా అడగలేదు. మా దరఖాస్తులు, పాస్‌పోర్టులు ఉండే డ్రాయర్ తాళం చెయ్యి ఇమ్మంది, ఇచ్చాను. కృతికి ఇద్దరం కలిసి చెప్పాం. నన్నేం ఎంచుకోమంటావు నాన్నా అని అది అడిగితే, నాకు తెలియదమ్మా అన్నాను. ఇంతకాలం ఆ ఒక్క మాటా అనలేకే కదా ఇదంతా.

వారం రోజులు నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది. చేసినది మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ వేసవిలో తల్లీకూతుళ్ళిద్దరూ జపాన్ వెళుతున్నారు. తిరుగు ప్రయాణం తలుచుకుంటే ఆ గది తలుపే గుర్తొస్తోంది. ఆ భయం ఎక్కడికీ పోలేదు. అది నాది, నేనే మోస్తాను.

నిన్న సాయంత్రం డ్రాయర్ సర్దుతూ నా పాత ఇండియా పాస్‌పోర్ట్ బయటికి తీసింది. రద్దు చేసినట్టు ముద్ర వేసి వెనక్కి పంపారు కదా, అది. చాలాసేపు తిప్పి చూసి, "ఇది ఇచ్చేసిన రోజు నువ్వు ఏడ్చావా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. లేదన్నాను. ఆ రోజు ఆఫీసువాళ్ళతో బఫేకి వెళ్ళి బిరియానీ తిన్నాం, అదే గుర్తుంది. ఏడుపెందుకు రాలేదని అడిగింది. కార్డు వస్తుంది కదా, ఏం పోలేదనుకున్నానన్నాను. పోలేదా అంది.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ పాస్‌పోర్ట్ పట్టుకుని అక్కడే కూర్చున్నాను. అందులోని ఫోటోలో నాకు పాతికేళ్ళు, మీసాలు, నాన్న సెలెక్ట్ చేసిన చొక్కా. ఇన్నేళ్ళ తర్వాత, ఏం పోయిందో కూడా సరిగ్గా తెలియకుండానే, ఏడ్చాను అక్కా. చాలాసేపు ఏడ్చాను.

నీది ఇచ్చేసిన రోజు నీకు ఏడుపొచ్చిందా? ఎప్పుడూ అడగలేదు నిన్ను.

దివాకర్